ఇంకో రెండు వేలేగా బావా!

బెంగళూరులో ఉంటున్న తెలుగువారికి ప్రజాహితం కోరి ఒక విన్నపం. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా "నాకో చిన్న కంప్యూటరు కావాలయ్యా, మామూలు వాడకానికి" అంటే ఆ మాట మూడో మనిషి చెవిన పడనివ్వకండి. మరీ ముఖ్యంగా దాన్ని "బేసిక్ యూజ్" అని ఇంగ్లిషులోకి మార్చకండి. తెలుగులో ఉన్నంతసేపూ అది పదిహేను వేల మాట. ఇంగ్లిషులోకి దిగిందంటే యాభై దాటేదాకా ఆగదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ విడిభాగాలు కొనుక్కొచ్చి సీపీయూ కట్టి చూడమని పెద్దలు అనలేదు. అది వాళ్ళ దయ.

మా మామగారు మదనపల్లె దగ్గర ఓ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ఆరునెలలుగా కుందలహళ్ళిలో మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకు కంప్యూటరుతో పనులు మూడే. పొద్దున పేపరు చదవాలి, మధ్యాహ్నం ప్రవచనం వినాలి, సాయంత్రం తన ఊరి చరిత్ర టైపు చేసుకోవాలి. ఈ మూడింటినీ తన గళ్ళ నోటుపుస్తకంలో నంబర్లేసి రాసుకుని, కింద గీత గీసి, ఎర్ర సిరాతో "రూ. 15,000 మించరాదు" అని పెట్టారు. వ్యాకరణం నేర్పిన మనిషి కదా, ఆ 'రాదు' నిషేధార్థకం అనుకున్నారు పాపం. మా ఇంట్లో అది భవిష్యత్సూచన అయింది.

నేను చేసిన తప్పల్లా ఆ కాగితాన్ని ఫొటో తీసి మా బావమరిదికి పంపడం. వాడు బీటీఎం లేఅవుట్‌లో ఓ పీజీ హాస్టల్లో ఉంటాడు. మంచం, బీరువా, కంప్యూటరు ఉన్న గదిలో మంచానిదే మూడో స్థానం. వాడు ప్రపంచానికిచ్చిన సిద్ధాంతం ఒకటుంది: ఏ కంప్యూటరైనా సరే, ఇంకో రెండు వేలు వేస్తే దానికంటే మంచిది వస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. ఇబ్బందల్లా, ఆ మంచిదానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

మొదటి సమావేశం ర్యామ్ మీద, అంటే పని చేస్తున్నంతసేపూ కంప్యూటరు వాడుకునే జ్ఞాపకశక్తి మీద జరిగింది. 8 జీబీ చాలునని నేను, 16 లేనిదే మర్యాద కాదని వాడు. 2025 మొదట్లో అయితే ఈ తగాదాకు విలువ రెండు వేల లోపే. ఇప్పుడలా లేదు. ఈ భూమ్మీద ర్యామ్ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు మూడు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకు ఎక్కువ ధరకు అమ్ముడవుతుంటే మన గల్లీకి వచ్చేది మిగిలిందే. 2025 డిసెంబరులోనైతే మైక్రాన్ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే సరుకే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే మా మామగారి ప్రవచనానికీ కృత్రిమ మేధకూ ఒకే దుకాణం ముందు క్యూ. ఆ క్యూలో ముందున్నది ఎవరో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని నిలబెట్టింది నేనే. పగలు నా కొలువు ఏఐ ప్రాజెక్టులోనే. కస్టమర్ తిట్టిన తిట్టును మర్యాదగా తిరగరాసే యంత్రానికి శిక్షణ ఇస్తుంటాను. పగలు నేను పెంచిన ధర రాత్రి నేనే కట్టాను. ఆ సమయంలో నేనన్న మాటలను మా యంత్రం కూడా మర్యాదగా మార్చలేకపోయేది.

తర్వాత ఎస్‌ఎస్‌డీ. ఫైళ్ళు దాచుకునే చోటు అది. 256 జీబీ ఏ మూలకని బావమరిది ప్రశ్న. సరే, లెక్క వేద్దామని కూర్చున్నాను. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటరు కోసం అంకెలిచ్చే పట్టిక పేరు యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఆ అంకెలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో సంకేతం మూడు బైట్లు తింటుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒకటే. మన గుణింతాలకు, ఒత్తులకు ఆ మాత్రం గౌరవం ఉండాలి మరి. మామగారు ఊరి చరిత్రను రెండు వందల పేజీలు రాస్తారనుకుందాం. పేజీకి పదిహేను వందల సంకేతాలు. మొత్తం మూడు లక్షలు, మూడుతో గుణిస్తే తొమ్మిది లక్షల బైట్లు. ఒక్క ఎంబీ కూడా లేదు. ఆ లెక్కన 256 జీబీలో రెండున్నర లక్షల ఊళ్ళ చరిత్రకు పైగా పడుతుంది. మామగారికున్నది ఒకే ఊరు.

"అయినా ఒక టీబీ ఉంటే నిబ్బరంగా ఉంటుంది బావా. ఇంకో రెండు వేలేగా" అన్నాడు. (రెండు వేలు కాదు. అప్పటికే ఆ అంకె దేవుడి హుండీలో మొక్కులాగా నోటిమాట అయిపోయింది.)

కరెంటు సంగతి ఇంకా ముచ్చటైనది. మేం ఎంచుకున్న ఐ3 ప్రాసెసర్ మామూలుగా తినేది అరవై వాట్ల లోపు. బోర్డు, ర్యామ్, మిగతా సరంజామా కలిపినా ఈ మాత్రం పనులకు వంద దాటదు. మా హాల్లో తిరిగే పాత సీలింగు ఫ్యానే 75 వాట్లు లాగుతుంది. అంత బడాయి లేని యంత్రానికి కరెంటు అందించడానికి బావమరిది ఎంచిన ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లది. "రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టాలంటే?" అన్నాడు. రేపు మామగారు పోతన పద్యాలు వదిలేసి వీడియో గేముల్లో తుపాకీ పట్టుకుని శత్రు స్థావరాల్లోకి దూకుతారని వాడి ఊహ. ఒక్క మాట మాత్రం నిజం, ఒప్పుకోవాలి: కాబినెట్‌తో ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌ను నమ్మకూడదు. దాన్ని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, బొరుగుల పొట్లంలా ఉంటుంది. మంచి కంపెనీది 450 వాట్లు చాలు. కానీ మంచి సలహా మా ఇంట్లో ఎప్పుడూ ఎక్కువ మోతాదులోనే వస్తుంది.

ఇదే ఊళ్ళో ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు కొందరు పూనుకుని, సామాన్యుడి కోసం సుమారు తొమ్మిది వేలలో వచ్చేలా సింప్యూటర్ అనే చేతిలో ఇమిడే కంప్యూటరును తలపెట్టారు. 2004లో అది అమిడా పేరుతో మార్కెట్లోకి కూడా వచ్చింది. సామాన్యుడు పట్టించుకోలేదు. కారణాలు ఎన్నైనా చెబుతారు గానీ, నా అనుమానం వేరు. ఇంకో రెండు వేలు వేస్తే ఏమొస్తుందో చెప్పే బావమరిదిని వాళ్ళు ఆ బృందంలో పెట్టుకోలేదు.

శనివారం ముగ్గురం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో లైను మారి, చిక్కపేటలో దిగి ఎస్పీ రోడ్డుకు నడిచాం. పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. రోడ్డు అనడం గౌరవార్థం. రెండు గోడల మధ్య మనుషులు, స్కూటర్లు, ట్రాలీలు, కేబుల్ చుట్టలు ఒకదాన్నొకటి తోసుకునే ఇరుకు సందు. "బన్ని సార్, ఏన్ బేకు" అని కన్నడంలో పిలిచినాయన మామగారి నోట ఒక్క ముక్క వినగానే "తెలుగా సార్? కూర్చోండి" అని స్టూలు లాగాడు. వెనకనున్న కాగితం చింపి, చెవిలో పెన్ను తీసి కొటేషన్ రాయడం మొదలెట్టాడు. ఆ కాగితం మీద అంకెలు పైనుంచి కిందికి జారుతుంటే మామగారు కళ్ళజోడు సవరించుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు చూశారు. కూడిక తప్పు పోలేదు. అదే ఆయనకు బాధ.

అప్పుడు ఆ కొట్టాయన మామగారి ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, మూల నుంచి ఒక నల్ల పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. కిలో మైసూర్‌పాక్ డబ్బా అంత ఉంది. ఐ5, ఆరో తరం. 8 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, వైఫై లోపలే. "కంపెనీల్లోంచి వచ్చిన మాల్ సార్. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మందులు, అదే అప్‌డేట్లు, ఆపేశారు కదా, విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అంటుంది. అందుకని టెక్ పార్కుల వాళ్ళు వీటిని లారీలకెత్తేస్తున్నారు. విండోస్ బదులు లినక్స్ వేసుకుంటే ఇంకో ఐదేళ్ళు కదలదు. లోపలే చిన్న స్పీకరు కూడా ఉంది. తొమ్మిది వేలు."

మామగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశారు. వేలితో తట్టారు. "గట్టిదే" అన్నారు. నోటుపుస్తకం తీశారు.

నేను దాని వెనక అంటించిన తెల్ల స్టిక్కరు చూశాను. ఏదో ఆఫీసు ఆస్తి సంఖ్య. అచ్చం అలాంటి పెట్టె ముందే నేను ఆరేళ్ళు కూర్చుని, దానితోనే ఈ ఫ్లాటుకు డౌన్‌పేమెంటు సంపాదించాను. నా ఉద్యోగానికి చాలినది మామగారి పేపరుకు చాలదా అనే దుర్బుద్ధి ఒక్క క్షణం పుట్టింది. వెంటనే అణిచేశాను. రేపు మదనపల్లెలో "అల్లుడు సాఫ్ట్‌వేరటగా, సెకండ్‌హ్యాండ్ డబ్బా కొనిచ్చాడట" అంటే ఆ మాటకు ఏ పార్టు మారుస్తాం? పాత సామాను వద్దని గంభీరంగా చెప్పాను. కొట్టాయన పెట్టెను మూలకు, మామగారు పుస్తకాన్ని సంచిలోకి పంపేశారు.

ఈ మొత్తం వ్యవహారంలో మేం పొదుపు చేసిన సందర్భం ఒకే ఒక్కటి. ప్రాసెసర్ దగ్గర. ఐ3 12100 అడిగితే, పక్కనే 12100ఎఫ్ ఉంది, సుమారు రెండు వేలు తక్కువ. "చివర్లో ఒక అక్షరమే కదా తేడా, తీసుకో బావా" అన్నాడు సిద్ధాంతకర్త. ఒక్క అక్షరం తేడాతో అర్థం ఎలా తిరగబడుతుందో జీవితమంతా పాఠం చెప్పిన మనిషి పక్కనే ఉన్నారు. ఆయన్ను ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి హాల్లో దుప్పటి పరిచి ఆపరేషన్ మొదలెట్టాం. సాకెట్లో ప్రాసెసర్ పడింది. థర్మల్ పేస్టు బఠానీ గింజంత పెట్టాం. ర్యామ్ నొక్కితే 'టక్'మని రెండు చివరలా కొక్కేలు పడ్డాయి. ఆ చప్పుడుకు నేను ఊపిరి వదిలాను. స్విచ్చి వేశాం. గ్లాసు కాబినెట్‌లో మూడు ఫ్యాన్లు తిరుగుతూ ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగులు చిమ్మాయి. "వినాయక మండపం బాగుంది. స్వామి ఏరీ?" అన్నారు మామగారు. స్వామి రాలేదు. తెర నల్లగానే ఉంది. మానిటరు కేబులు మార్చాం, ర్యామ్ తీసి మళ్ళీ పెట్టాం, స్విచ్చి బోర్డు మార్చాం, ఒకరినొకరు అనుమానించుకున్నాం. రాత్రి పదకొండున్నరకు ఇంటెల్ వాళ్ళ పేజీలో నిదానంగా చదివితే తెలిసింది: ఎఫ్ అంటే అందులో తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ లేదని. మెదడు ఉంది, చూపు లేదు. ఈ సంగతి పెట్టె మీద కూడా అచ్చేసి ఉంది. పెట్టె చదవడం మా ఇద్దరి అర్హతలకు తగని పని అనుకున్నాం.

సీలు తీసిన ప్రాసెసర్‌ను ఎవరు వెనక్కి తీసుకుంటారు? సోమవారం మళ్ళీ ఎస్పీ రోడ్డుకు వెళ్ళి జీటీ 710 అనే గ్రాఫిక్స్ కార్డు తెచ్చి తగిలించాం. ఆదా చేసిన రెండు వేలకు ఇంకో ఐదు వందలు కలిపితే సరిపోయింది. 2022లో వచ్చిన బుర్రకు 2016 నాటి కళ్ళు అమర్చాం. ఆ కార్డు తినేది 19 వాట్లు; 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు చివరికి ఒక ఉపాధి దొరికింది.

విండోస్ 11 హోమ్ అసలు ధర పదివేలు దాటిందని తెలిసినప్పుడు మాత్రం మాకు ఉన్నట్టుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మీద గౌరవం పుట్టుకొచ్చింది. లినక్స్ మింట్ వేశాం. పైసా కాలేదు. తెలుగు కీబోర్డు రెండు నిమిషాల్లో కుదిరింది. మామగారు చూపుడు వేలితో తన ఊరి పేరు కొట్టి, ఒత్తు సరిగ్గా కింద పడిందో లేదో తెరకు ముక్కు ఆనించి చూసుకున్నారు. మొత్తం మీద సాఫీగా జరిగిన పని ఇదొక్కటే కాబట్టి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

ఖర్చు మొత్తం యాభై నాలుగు వేల చిల్లర. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. మేం కోడిని కొట్టులోనే వదిలేసి మసాలా మోసుకొచ్చాం.

మరునాడు మధ్యాహ్నం ప్రవచనం వేళ. ఇరవై నాలుగు అంగుళాల తెర మీద ప్రవచనకర్త ప్రసన్నంగా చేతులు తిప్పుతున్నారు, పెదవులు కదుపుతున్నారు. శబ్దం లేదు. మ్యూట్ చూశాను, సెట్టింగులు చూశాను, చివరికి మానిటరు వెనక్కి తిప్పి చూశాను. మేం కొన్న మానిటరులో స్పీకర్లు లేవు. విడిగా కొనాలని ఎవరికీ గుర్తు రాలేదు. వాట్లు లెక్కేశాం, బైట్లు లెక్కేశాం, చెవులు లెక్కేయలేదు. బావమరిదికి ఫోను చేస్తే వాడు ఏ అంకె చెబుతాడో తెలుసు కాబట్టి చేయలేదు.

నేను తలెత్తేసరికి మామగారు తన ఫోనులో అదే ప్రవచనం పెట్టి, దాన్ని రంగుల ఫ్యాన్లు తిరుగుతున్న గ్లాసు కాబినెట్‌కు ఆనించి, కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. తెర మీద పెదవులు ముందు కదులుతున్నాయి. ఫోనులోంచి మాట కాస్త వెనకగా వస్తోంది. ఆపమంటారా అని అడిగాను.

"పర్వాలేదు అల్లుడుగారూ" అన్నారాయన తెర మీంచి చూపు తిప్పకుండానే. "డబ్బింగు సినిమాలు చూసిన కళ్ళే కదా ఇవి."