ఇంటిపేరు ఎల్లిస్ ఐలాండ్‌లో పోలేదు

అమెరికన్ వంశవృక్షాల గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "తొలితరం వలసదారుల ఇంటిపేర్లను న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులే మార్చేశారు. పలకడం రాక తోచింది రాసేశారు. అందుకే అసలు పేరు ఇక దొరకదు" అని దాని సారాంశం. అది నమ్మి వెతకడమే మానేసినవాళ్లను చూశాను. అందుకే ఒక్కో మాటా తీసి చెబుతున్నాను.

ముందు తేదీలు చూడండి. ఎల్లిస్ ఐలాండ్‌లో వలసదారుల తనిఖీ కేంద్రం తెరిచింది 1892 జనవరి 1న. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పూర్వికుడు హాన్స్ నికోలస్ ఐసెన్‌హౌవర్ ఫిలడెల్ఫియాలో దిగింది 1741లో. రూజ్‌వెల్ట్‌ల మూలపురుషుడు క్లాస్ మార్టెన్సెన్ వాన్ రోసెన్‌వెల్ట్ ఇంకా ముందే వచ్చాడు, అప్పటికి న్యూయార్క్ పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. మార్టెన్సెన్ అంటే మార్టెన్ కొడుకు అని అర్థం. ఆనాటి డచ్ వాళ్లలో చాలామందికి ఇంటిపేరు చోట తండ్రి పేరే ఉండేది, తరం మారితే అదీ మారేది. క్లాస్ కొడుకు నికోలస్ నుంచి రూజ్‌వెల్ట్ స్థిరపడింది. ఒకే ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్లేవాళ్లకు దారి తప్పేది ఇక్కడే.

పోనీ, 1892 తర్వాత వచ్చినవాళ్ల సంగతి? అప్పుడు కూడా అధికారులు పేర్లు రాయలేదు. ప్రయాణికుల జాబితాను ఓడ కంపెనీ వాళ్లు తయారుచేసి తెచ్చేవారు. పేరు, వయసు, వృత్తి, చేతిలో డబ్బెంత, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, అన్నీ అందులో ఉండేవి. తనిఖీ అధికారి ఆ కాగితం ముందు పెట్టుకుని, దుబాసీ సాయంతో సరిచూసుకునేవాడు. కొత్త పేరుతో పత్రం ఇచ్చే పనే అక్కడ లేదు.

మరి పేర్లు ఎలా మారాయి? చాలావరకు వాళ్లే మార్చుకున్నారు. అపోలోస్ రివ్వార్ అనే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ కుర్రాడు 1700ల మొదట్లో, పదమూడేళ్ల వయసులో బోస్టన్ చేరాడు. జాన్ కోనీ అనే వెండి పనివాడి దగ్గర పని నేర్చుకున్నాడు. అక్కడివాళ్లకు నోరు తిరిగేలా తన పేరును తానే రివీర్ చేసుకున్నాడు. 1775 ఏప్రిల్ రాత్రి బ్రిటిష్ సైన్యం కదిలిందని గుర్రం మీద కబురు మోసిన పాల్ రివీర్ ఆయన కొడుకే.

ఇక "దొరకదు" అన్న మాట. ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించేది. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవాళ్ల చేత విధేయతా ప్రమాణం చేయించి సంతకం తీసుకునేవారు. ఓడ కెప్టెన్ జాబితాలో ఇంగ్లిష్ చెవికి వినబడిన స్పెల్లింగ్ ఉంటుంది. ప్రమాణ పత్రంలో, రాయడం వచ్చినవాడైతే, అతని సొంత చేతిరాతే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే అసలు పేరు కనబడుతుంది. తర్వాత ముల్లర్ మిల్లర్ అయినా, జిమ్మర్‌మన్ అనువాదమై కార్పెంటర్ అయినా, వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లు ఆ మార్పును పట్టిస్తాయి. 1790 తొలి జనగణన ఒక్కటే చూసి ఆగిపోకండి, అందులో ఇంటిపెద్ద పేరు మాత్రమే ఉంటుంది, మిగతావాళ్లు అంకెలే.

మా ఇంట్లోనే చూడండి. అమెరికా వచ్చాక లాస్ట్ నేమ్ గడిలో నా పేరే పడింది, పిల్లలకు అదే ఇంటిపేరైంది. ఏ అధికారీ మార్చలేదు, ఫారం నింపింది నేనే. అసలు ఇంటిపేరు మా అమ్మానాన్నల పెళ్లి శుభలేఖ మీద ఉంది. దాన్ని స్కాన్ చేసి, పిల్లల జనన ధ్రువపత్రాలతో కలిపి దాచాను.