నిజాంపేటలో పడని ఓటు ఊళ్లో పడుతోంది

ప్రతి ఎన్నికల సాయంత్రం టీవీ చర్చల్లో హైదరాబాద్ శివారు జనానికి అక్షింతలు పడుతూనే ఉంటాయి. చదువుకున్నవాళ్లు, ఇంటి పక్కనే బూత్, ఆఫీసుకు సెలవు, అయినా కదలరు అని. సెలవును వీకెండ్‌తో కలిపి టూర్లకు పోతారన్నది ఇందులో పాత ఆరోపణ. క్యాలెండర్ తిరగేస్తే అది నిలబడదు. 2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ పోలింగ్ మంగళవారం, 2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్ గురువారం, 2024 మే 13న లోక్‌సభ పోలింగ్ మాత్రం వీకెండ్‌కు ఆనుకున్న సోమవారం. వారం ఏదైనా నగరంలో పోలింగ్ సగానికి కాస్త అటూఇటూగానే ఆగింది.

నిజాంపేట సంగతి చూడండి. బాచుపల్లి, ప్రగతినగర్‌లను కలిపి 2019లో దీన్ని కార్పొరేషన్ చేశారు. 2020 జనవరిలో జరిగిన తొలి ఎన్నికలో పోలింగ్ 40 శాతం కూడా దాటలేదు. అదే రోజు చౌటుప్పల్ మున్సిపాలిటీలో 93 శాతం. నిజాంపేట వాళ్లకు మున్సిపాలిటీతో పని లేదా అంటే, బోలెడు ఉంది. 2016 సెప్టెంబర్ వానలకు చెరువు పొంగి బండారి లేఅవుట్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నీళ్లతో నిండిపోయాయి. ఆ నీళ్లు ఎటు పోవాలో తేల్చాల్సింది ఢిల్లీ కాదు, అసెంబ్లీ కూడా కాదు. అయినా కాలువలు, రోడ్లు చూసే ఎన్నికకే జనం అంత తక్కువగా వచ్చారు.

దీనికి బద్ధకం కన్నా ముందు చూడాల్సింది ఓటరు జాబితా. పోలింగ్‌కు రెండు మూడు రోజుల ముందు ఓటరు స్లిప్పుల కట్ట తీసుకుని బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయిలో ఓటరు జాబితా చూసే అధికారి, అపార్ట్‌మెంట్‌కు వస్తారు. పగటిపూట సగం ఫ్లాట్లకు తాళం. కట్ట వాచ్‌మన్ చేతికి వెళుతుంది. 302 నంబర్ ఫ్లాట్ చిరునామాతో ఉన్న స్లిప్పు ఎప్పుడో ఖాళీ చేసి గచ్చిబౌలి వెళ్లిపోయిన వాళ్లది. 204 ఓనరు అమెరికాలో. 405లో ఉంటున్నాయనకు ఓటు నరసరావుపేటలో ఉంది కాబట్టి ఆయన పేరు ఆ కట్టలోనే లేదు. ఇలా లేనివాళ్లు జాబితాలో ఉంటారు, ఉన్నవాళ్లు ఉండరు. మనం చెప్పుకునే శాతం ఆ జాబితాను బట్టి వచ్చేదే.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా నివసించే చోటే ఓటు. ఊళ్లో సొంత ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో అక్కడ నివాసి అయిపోరు. రెండు చోట్ల పేరు ఉండకూడదు. కానీ మనవాళ్లకు ఊరి ఓటంటే ఊళ్లో ఇంకా మనకో చోటు ఉన్నట్టు. అమ్మ పింఛను, పొలం పాస్‌బుక్, తమ్ముడి సర్పంచ్ పోటీ, అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. పైగా అక్కడ పేరు పెట్టి ఫోన్ చేస్తారు: ‘ఏరా, ఎప్పుడు బయల్దేరుతున్నావ్? బస్సు మాట్లాడాం.’ నిజాంపేటలో అలా అడిగేవాడు ఎవడు? 2024 మేలో రెండు రాష్ట్రాల్లో ఒకేరోజు పోలింగ్ పడినప్పుడు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లు ఏ బద్ధకస్తులవి? ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన దాదాపు 82 శాతంలో కూకట్‌పల్లి, మియాపూర్ వాటా కూడా ఉంది. 2023లో 90 శాతం దాటిన మునుగోడులోనూ నగరం నుంచి వెళ్లి క్యూలో నిలబడ్డవాళ్లు ఉన్నారు.

ఇక ఈ కాలనీలు ఎటు మొగ్గుతాయన్న లెక్క. ‘సెటిలర్ ఓటు’, అంటే ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఓటు, అని ఒక మాట పట్టుకుని విశ్లేషకులు ఏళ్లు గడిపేశారు. కూకట్‌పల్లి ఆ మాటను ఎప్పుడో తిరగ్గొట్టింది. 2009లో అక్కడ లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గెలిచారు. 2014లో టీడీపీ నుంచి మాధవరం కృష్ణారావు. 2018లో అదే కృష్ణారావు టీఆర్‌ఎస్ నుంచి నిలబడి ఎన్టీఆర్ మనవరాలు సుహాసినిని ఓడించారు. మల్కాజిగిరి లోక్‌సభ స్థానం ఇంకా చిత్రం. 2009లో కాంగ్రెస్, 2014లో టీడీపీ, 2019లో మళ్లీ కాంగ్రెస్ తరఫున రేవంత్ రెడ్డి. 2023లో దాని కింది ఏడు అసెంబ్లీ సీట్లూ బీఆర్‌ఎస్‌వే. నిజాంపేట ఉన్న కుత్బుల్లాపూర్‌లో వివేకానంద్ మెజారిటీ 85 వేల పైచిలుకు. ఆరు నెలలు తిరిగేసరికి లోక్‌సభకు బీజేపీ ఈటల రాజేందర్ 3.9 లక్షల ఆధిక్యంతో గెలిచారు, బీఆర్‌ఎస్ మూడో స్థానానికి పడిపోయింది. జెండా మీద మమకారంతో పడిన ఓట్లయితే ఇంత తిరగవు. రోడ్డు, నీళ్లు, ఫ్లైఓవర్ కోసం ఒకరిని, ఢిల్లీకి ఇంకొకరిని విడివిడిగా ఎంచుకుంటున్నారు. నా మటుకు ఇది మంచి లక్షణమే.

జాబితా దులిపితే శాతం పెరుగుతుంది, నిజమే. 2025లో బిహార్‌లో ప్రత్యేక సవరణ తర్వాత జాబితా 7.89 కోట్ల నుంచి 7.42 కోట్లకు తగ్గింది. అక్కడ పోలింగ్ శాతం పెరగడంలో దానికీ వాటా ఉంది. అలా పెరిగిన శాతం చూసి సంబరపడితే 405లో ఉన్నాయన ఓటు సంగతి తేలదు. ఆయన చిరునామా మార్చుకోవడానికి ఫారం-8 ఉంది, ఫోన్‌లోనే నింపొచ్చు. మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్ల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టే అసోసియేషన్లు కొత్తగా దిగిన అద్దెవాళ్ల చేత ఈ ఫారం నింపించడం పెద్ద పనేం కాదు. కార్పొరేటర్ టికెట్ ఆశించే నాయకుడు మాత్రం ఆ పని చేయడు. తక్కువ పోలింగ్‌లో ఏ బస్తీలో ఎన్ని ఓట్లు తనవో అతనికి కంఠతా వచ్చు. ఎటు వేస్తారో తెలియని వెయ్యి మంది అద్దెవాళ్లు జాబితాలోకి వస్తే అతనికి టెన్షన్.