‘ఆపలేం’ అంటున్నదెవరు?

ప్రపంచాన్ని మారుస్తున్న బలమైన శక్తులేవని అడిగితే నేతల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: సాంకేతికత, పెట్టుబడి, జనాభా, వాతావరణం. ఆ వెంటనే ఇంకో మాట అంటారు: ఈ మార్పును ఎవరూ ఆపలేరు, సర్దుకుపోవాల్సిందే. ఆ రెండో మాటతోనే మా పేచీ. కృత్రిమ మేధ (ఏఐ) గురించి వరద గురించి చెప్పినట్టు చెబుతున్నారు. వరదకు యజమాని ఉండడు. దీనికి ఉన్నాడు.

శక్తిమంతమైన ఏఐ వ్యవస్థల శిక్షణను ఆరు నెలలు నిలిపేయాలని 2023 మార్చిలో నిపుణులు బహిరంగ లేఖ రాశారు. ఆగినవారు లేరు. ఆ మే నెలలోనే, ఏఐతో మానవాళి అంతరించే ముప్పును అణుయుద్ధంతో సమానంగా చూడాలంటూ మరో ప్రకటన వెలువడింది. దానిపై సంతకాలు చేసినవారిలో ఆ ఏఐని తయారుచేస్తున్న కంపెనీల అధిపతులూ ఉన్నారు. ప్రమాదమని రాసిచ్చిన చేతులే వేగం పెంచాయి. ఇంతకన్నా కపటం ఏముంటుంది?

మనం ఆగినా ఎదుటివాడు ఆగడన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ‘తప్పదు’ అని చెప్పి జనాన్ని ఒప్పించడం కొత్తదేమీ కాదు.

సీసం కలిపిన పెట్రోలు 1923లో అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని తయారుచేసే కార్మికులు విషప్రభావంతో చనిపోయారు. 1925లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో పరిశ్రమ ప్రతినిధి దాన్ని దేవుడిచ్చిన వరంలా వర్ణించాడు. ప్రగతికి తప్పదన్నారు, ప్రపంచం నమ్మింది. కార్లకు ఆ పెట్రోలు అమ్మే చివరి దేశం అల్జీరియా మానేసేసరికి 2021 వచ్చింది. దాదాపు వందేళ్లు! ఈలోగా ఎన్ని తరాల పిల్లలు ఆ గాలి పీల్చారో, వారి మెదళ్లకు ఎంత నష్టం జరిగిందో ఎవరు లెక్క చెబుతారు?

ఆపాలనుకుంటే ఆపగలమనడానికీ రుజువుంది. అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిందని 1985లో తేలింది. రెండేళ్లకే, ఆ పొరను దెబ్బతీసే రసాయనాలను అరికట్టేందుకు దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఇప్పుడా పొర కోలుకుంటోంది. అదే వాతావరణ మార్పు విషయంలో 1992లోనే ఒప్పందం రాసుకున్నా, శిలాజ ఇంధనాల నుంచి మళ్లాలన్న మాట ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు తీర్మానంలోకి ఎక్కడానికి 2023 దాకా పట్టింది. శక్తి చాలక కాదు, లాభం వదులుకోవడం ఇష్టంలేక.

‘ఆపలేం’ అనే మాటను ఒక్కసారి ఒప్పుకుంటే రేపు ప్రతి కంపెనీ, ప్రతి ప్రభుత్వం దాన్నే అడ్డుపెట్టుకుంటుంది. ఉద్యోగాలు పోయినా, నిఘా పెరిగినా అదే జవాబు వినిపిస్తుంది. కాబట్టి ఆ మాట అనేవారు ముందు ఒక్కటి చెప్పాలి: ఆపడానికి మీరేం ప్రయత్నించారు? చెప్పడానికేమీ లేకపోతే, జనాన్ని సర్దుకుపొమ్మనే హక్కు మీకు లేదు.