చీటీ రాసిన చెయ్యి కాదు, మనసు చూడాలి

ఐదున్నర నెలల్లో 11,169 మందుల చీటీలు, వాటిలో సుమారు 8 లక్షల మెథడోన్ (నల్లమందు తరహా మత్తుమందు) మాత్రలు. 1970ల మొదట్లో వాషింగ్టన్‌లో ఒక్క డాక్టర్ రాసినవివి. ఫీజు కూడా రోగిని చూసినందుకు కాదు, ఎన్ని మాత్రలు రాస్తే అంత. లైసెన్సు ఉంది కాబట్టి డ్రగ్స్ కేసు తనకు వర్తించదని వాదించాడాయన. 1975లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఇలాంటి వాళ్లను జైలుకు పంపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పేచీ వచ్చేది నొప్పికి ఇలాంటి మత్తు మందులు రాసే మిగతా డాక్టర్ల దగ్గర. సరైన వైద్య అవసరం కోసం, వృత్తి మామూలుగా సాగే పద్ధతిలో రాసిన చీటీయే చెల్లుతుందని అక్కడి ఫెడరల్ నిబంధన. వినడానికి బాగానే ఉంది, కానీ ఎంత డోసు దాటితే నేరమో అందులో లేదు. ఏళ్ల తరబడి నొప్పితో బతికే మనిషికి ఒక డాక్టర్ ధైర్యంగా రాసిన మోతాదు ఇంకో డాక్టర్‌కు దారుణంగా కనిపించొచ్చు. ఆ రెండో డాక్టరే ప్రాసిక్యూషన్ తరఫున బోనెక్కితే?

2022లో రువాన్ అనే డాక్టర్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా శిక్ష పడిన ఇద్దరు డాక్టర్ల అప్పీళ్లవి. చట్టం అనుమతించని పని చేస్తున్నానని తెలిసే, లేదా కావాలనే చీటీ రాశాడని ప్రభుత్వమే సందేహానికి తావు లేకుండా నిరూపించాలని చెప్పింది. ఆ కోర్టు జడ్జి జస్టిస్ అలిటో మాత్రం సదుద్దేశంతో రాశానని నిరూపించుకునే బాధ్యత డాక్టర్ మీదే ఉండాలన్నారు. నాకది సరికాదనిపిస్తుంది. అజాగ్రత్తకు నష్టపరిహారం దావా ఉంది, లైసెన్సు రద్దు చేసే బోర్డు ఉంది. జైలు అక్కర్లేదు.

అయితే 'నాకు తెలియదు' అని ప్రతివాడూ తప్పించుకోడా? అంత తేలిక కాదు. ముందే సంతకం పెట్టి ఉంచిన చీటీలు, పరీక్ష చేయకుండా రాసిన మందులు, నగదు మాత్రమే తీసుకునే క్లినిక్, ఇవన్నీ జ్యూరీ ముందుకొస్తాయి. వృత్తి ప్రమాణాలకు ఎంత దూరం జరిగితే, తెలిసే చేశాడనడానికి అంత బలం. రువాన్ కేసే తిరిగి కింది కోర్టుకు వెళ్లాక, చీటీలకు సంబంధించిన శిక్షలు రద్దయినా కుట్ర నేరం నిలబడింది.

డాక్టర్ల భయం ఖరీదు కూడా లెక్కలోకి రావాలి. రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన మోతాదు దాకా పెంచొద్దని, పెంచాల్సి వస్తే కారణం ఉండాలని 2016లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా ఇచ్చింది. సలహానే చాలామంది డాక్టర్లు దాటకూడని గీతగా తీసుకుని పాత రోగులకు మందు ఉన్నట్టుండి తగ్గించేశారు. అలా ఆపేస్తే భరించలేని నొప్పి, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ ఆ అంకెను తన సిఫార్సుల్లోంచి తీసేసింది.