మహారాజశ్రీ డిఫాల్ట్ ప్రొఫైల్ గారికి

అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా నమస్కరించి రాయునది ఏమనగా, ఇచ్చట మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. సీ డ్రైవ్‌లో, యూజర్స్ ఫోల్డర్‌లో, మామూలు కంటికి కనబడకుండా హాయిగా దాక్కునే ఉంటారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' అనే ఇంట్లో కాపురం. ఇల్లు మారింది గానీ తమరి పద్ధతులు మారలేదు.

మా సెక్షన్ మొత్తానికి ఒకటే కంప్యూటర్. సెట్టింగులన్నిటికీ మూల అచ్చు తమరే కాబట్టి, కొత్తగా ఎవరు లాగిన్ అయినా విండోస్ మీ నకలే వాళ్ల చేతిలో పెడుతుంది. ముందు "హాయ్" అని పలకరింపు, ఆ తర్వాత కాసేపు తెర మీద రంగులు. ఇంత ఆర్భాటం చేసి చివరికి ఇచ్చేది అమెరికా తేదీ!

మేము 04/05 అని కొడితే మే 4. మీకది ఏప్రిల్ 5. 12 దాటిన తారీఖులనైతే ఎక్సెల్ తేదీలుగానే ఒప్పుకోదు, ఉత్త అక్షరాల్లా గడిలో ఎడమవైపు నిలబెడుతుంది. ఒకే కాలమ్‌లో సగం ఇటు, సగం అటు. తప్పంతా ఎడమవైపు వాటిదే అనుకుంటాం. నిజానికి అవే నయం, కనీసం చూడగానే దొరికిపోతాయి. కుడివైపు బుద్ధిగా నిలబడ్డవాటిలోనే నెలలు తారుమారై ఉంటాయి, ఆడిట్ వాళ్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఇక వర్డ్ తెరిస్తే అమెరికా వాళ్ల లెటర్ సైజు కాగితం. ట్రే నిండా ఏ4 పెట్టుకుని మా ప్రింటర్ పేపర్ లేదని మొరాయిస్తుంది. తెలుగు కీబోర్డు ఒకరు పెట్టుకుంటే అది వాళ్ల వరకే, పక్కవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

తమరిని సంస్కరిద్దామంటే అదో పెద్ద క్రతువు. ఎక్స్‌పీలో ఒకరి ప్రొఫైల్ ముచ్చటగా సర్ది, దాన్ని మీ మీద కాపీ చేసేసేవాళ్లు. విండోస్ 7 నుంచి ఆ కాపీ బటన్ బూడిదరంగు పులుముకుని నొక్కుడు పడదు. సిస్‌ప్రెప్ అనే విండోస్ పనిముట్టు నడపాలట, దాని జవాబుల ఫైల్లో 'కాపీప్రొఫైల్' అనే మాట ఎదురుగా 'ట్రూ' అని రాయాలట. మా సిస్టమ్స్ అబ్బాయి దగ్గర ఈ మాటెత్తితే "రేపు చూద్దాం సార్" అంటాడు. అంతా చేసినా పాతవాళ్లకి ఒరిగేదేం లేదు. వెనకటి తేదీ నుంచి వర్తించని జీవోలాగా, మీలో మార్పు ఇకపై వచ్చేవాళ్లకే!

అందుకే అందరం విసిగిపోయి 'ఆఫీస్' అని ఒకే లాగిన్‌లో చేరాం. పాస్‌వర్డ్ మానిటర్‌కే అంటించి ఉంది. క్యాషియర్ గారి వాట్సాప్ అందులోనే తెరిచి ఉంటుంది కాబట్టి సాయంత్రం వాళ్లింటికి ఏం కూరలు తీసుకెళ్లాలో సెక్షనంతటికీ తెలుసు. మొన్న జీతాల ఫైల్ మాయమైంది. ఎవరు డిలీట్ చేశారని లాగ్ చూస్తే ఒకటే పేరు, ఆఫీస్. మెమో ఎవరికివ్వాలో సూపరింటెండెంట్ గారికి ఇంతవరకూ తేలలేదు.

క్రతువుల మాట తర్వాత. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అందులో అడ్మినిస్ట్రేటివ్, దాని కింద 'కాపీ సెట్టింగ్స్' ఉంది. ముందు అడ్మిన్ లాగిన్‌లో తేదీ మన పద్ధతికి మార్చి, అక్కడ 'న్యూ యూజర్ అకౌంట్స్' పక్క గడిలో ఒక్క టిక్ పెట్టనివ్వండి. సోమవారం మా సెక్షన్‌లో ఒకమ్మాయి కొత్తగా చేరుతోంది. ఆమెకి మొదటి పనిగా పెన్షన్ల షీట్ ఇస్తున్నారు, నిండా పుట్టినతేదీలే.

ఇట్లు,
మీ నకళ్లలో ఒకడు