ఇద్దరు చాలన్న నోళ్లే ఇప్పుడు ముగ్గురంటున్నాయి

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. 2024 నవంబరులో మన శాసనసభే ఆ నిబంధనను ఎత్తేసింది. ఎక్కువ మంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సభల్లో చెబుతున్నారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానని 2025లో విజయనగరం ఎంపీ ప్రకటించారు. దీనికి కారణం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన రేటు, అంటే ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య, 1.7. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. రేపు పనిచేసే వయసు వాళ్లు తగ్గి ముసలివాళ్లు పెరుగుతారన్న భయం అర్థం లేనిదేమీ కాదు.

కానీ గుంటూరులో అత్తాకోడళ్లు కలిసి ఉండే ఏ మధ్యతరగతి ఇంటికైనా వెళ్లి చూడండి. అత్తగారికి రెండో కాన్పు కాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించేసి ఉంటారు. చిన్న కుటుంబం చింతలేని కుటుంబం అని ఎర్ర త్రికోణంతో గోడల మీద రాసిన రోజులవి. మూడోదాన్ని కంటే తెలివితక్కువది అన్నారు. ఇప్పుడు ఆమె కోడలు ఒక్కరితో ఆపేస్తానంటే స్వార్థపరురాలు అంటున్నారు. ఆ సర్వేలోనే ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. ఆపమన్నా, కనమన్నా మాట వచ్చిపడింది ఆడవాళ్ల కడుపు మీదే. ముప్ఫై ఏళ్లలో ఇంతలా తలకిందులయ్యే కొలతతో ఒక మనిషి తన విలువ ఎందుకు తేల్చుకోవాలన్నదే నా ప్రశ్న.

పెళ్లయి ఆర్నెల్లు తిరక్కుండానే "ఏమన్నా విశేషమా?" మొదలవుతుంది. విశేషం ఉందని చెబితే అక్కడితో ఆగుతుందా? నార్మలా, ఆపరేషనా? పాలు పడ్డాయా? వాడికి తోడుండొద్దూ, రెండోది ఎప్పుడు? ఇద్దరూ ఆడపిల్లలేనా, అయ్యో. రాష్ట్రంలో 42 శాతం కాన్పులు సిజేరియన్లే అని సర్వే చెబుతుంటే, ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదని తీర్పు. ఆ సిజేరియన్‌కు పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించింది మాత్రం తీర్పు చెప్పిన పెద్దవాళ్లే!

విశేషం లేనివాళ్ల సంగతి వేరు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ సంతాన సాఫల్య కేంద్రంలోనైనా కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. ఫైలు ఆమె ఒళ్లో ఉంటుంది. పక్కన తల్లో అత్తగారో ఉంటారు. భర్త బైక్ పార్క్ చేసి వస్తానని వెళ్లినవాడు వెళ్లినట్టే. ఆమెకు రక్తపరీక్షలు, స్కానింగుల మీద స్కానింగులు, గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే అన్నీ అయ్యాక గానీ అతని వంతు రాదు. నిజానికి వీర్య పరీక్ష అన్నిటికన్నా తేలిక, ఖర్చూ తక్కువ, నొప్పి లేదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అయినా ముందు ఆమెను పరీక్షించడం మనకు మామూలైపోయింది.

లోపం అతనిలో ఉందని రిపోర్టు వచ్చాక జరిగేది ఇంకా విచిత్రం. ఆ కాగితం బీరువాలోకి వెళ్లిపోతుంది. "మా అబ్బాయి పరువు" అని అత్తగారు, "కాపురం నిలబడాలి" అని అమ్మ, ఇద్దరూ ఆమెనే నోరు మూసుకోమంటారు. పేరంటంలో గొడ్రాలనే మాట వెనకనుంచి వినబడినా ఆమె సర్దుకుపోతుంది. సీమంతానికి పిలుపు రాదు. వచ్చినా గాజులు తొడిగే వరసలో ఎక్కడ నిలబడాలో తెలియదు. తనది కాని నిందను ఏళ్ల తరబడి మోసిన మనిషిని పట్టుకుని నిన్ను నువ్వు ప్రేమించుకో అనడం నాకు వెటకారంలా వినిపిస్తుంది. రీల్స్ నిండా ఇప్పుడు ఇదే సలహా. అంటే ఆమెకు ఇంకో పని అప్పగించారన్నమాట. అన్నీ భరించు, పైగా నవ్వుతూ భరించు. మా వాడిలో సమస్య ఉందని అత్తగారు ఒక్కసారి నలుగురిలో అనగలిగితే ఆ కోడలికి వంద రీల్స్ పెట్టు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇంత మామూలు విషయం మన దగ్గర శాపమైపోయింది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకోవద్దని నేననను. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తే మనసు తేలికపడుతుందంటే పోయనివ్వండి. అక్కడికి ఇద్దరూ కలిసే వెళ్తారు కదా, ల్యాబ్‌కూ అలాగే వెళ్లమంటున్నాను. చికిత్స ఎక్కడ ఆపాలో కూడా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 నాటి చట్టం ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి) స్త్రీ వయసు 50 ఏళ్ల దాకా అనుమతించింది కాబట్టి, బంధువుల ఆశలు కూడా అప్పటిదాకా చావవు.

నాకు తెలిసిన ఒక టీచరు, బ్రాడీపేటలో ఉంటుంది, కొన్నేళ్ల చికిత్స తర్వాత ఇక చాలనుకుంది. ఎవరైనా అడిగితే మొదట్లో చూస్తున్నామండీ అని దాటేసేది. తర్వాత "ఆపేశామండీ, మా ఇద్దరికీ ఇష్టమయ్యే ఆపేశాం" అనడం మొదలుపెట్టింది. దానికి రెండో ప్రశ్న ఎవరి దగ్గరా లేదట. బాధ పోయిందా అని అడిగాను. "బాధ ఎందుకు పోతుంది? బారసాలకు వెళ్లిన రోజు ఇప్పటికీ నిద్ర పట్టదు. నా మీద నాకు కోపం మాత్రం లేదు" అంది. ఆమెకు సొంత జీతం ఉందని, మా ఇద్దరికీ అన్నప్పుడు భర్త పక్కనే నిలబడ్డాడని కూడా చెప్పాలి. ఆ రెండూ లేకుండా ఆ మాట నోటికి రావడం కష్టం.

పిల్లలున్న తల్లులు నిశ్చింతగా ఉన్నారనుకోవడమూ పొరపాటే. పుట్టింట్లో పురుడు పోసుకుని, పథ్యం తింటూ, కారణం తెలియకుండా ఏడ్చే బాలింతకు మనం చెప్పేది, ఇంత బంగారం లాంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేమిటని. అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది, 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌లో ఉచితంగా మాట్లాడొచ్చు.

పిల్లలు వద్దని తామే అనుకున్నవాళ్లకు చట్టం అండగా ఉంది. బిడ్డను కనడమూ, కనకపోవడమూ స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఇంట్లో మాత్రం ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ముసలితనంలో ఎవరు చూస్తారు? ఇది వట్టి సాధింపు కాదు, పెద్దవాళ్ల అసలు భయం. అయితే విజయవాడలో బెంజి సర్కిల్ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను చూడండి. ఒక కొడుకు డల్లాస్‌లో, కూతురు సిడ్నీలో. పక్కింటివాళ్లూ, పనమ్మాయే దిక్కు. పిల్లలు చెడ్డవాళ్లు కారు, దూరంగా ఉన్నారంతే. ముసలితనానికి భరోసా పేరు మీద ఒక ఆడమనిషిని బిడ్డను కనమని ఒత్తిడి చేయడానికి మన ప్రాంతానికి పెద్దగా అర్హత లేదు.

పిల్లల్లేని స్త్రీకి నిజంగా కావాల్సిన జాగ్రత్తలు వేరే ఉన్నాయి. ఆరోగ్య బీమా, తన పేరు మీద ఇల్లో పొదుపో, అన్నిటికన్నా ముందు వీలునామా. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే ఆమె సొంతంగా సంపాదించిన ఆస్తి మొదట వెళ్లేది భర్త తరఫు వారసులకే. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. ఏళ్లపాటు ఎత్తిపొడుపులు పడిన ఇంటికే ఆమె జీతం రాళ్లు చేరతాయన్నమాట. అక్కచెల్లెళ్లకో, పెంచుకున్న బిడ్డకో, ఇష్టమైన ఆశ్రమానికో ఇవ్వాలనుకుంటే తెల్లకాగితం మీద రాసి, ఆమె సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.