అవును, ఊరికే తిరగడానికే పోతున్నాం

ఫ్రీ బస్సు వచ్చినకాడి నుంచి మా నల్లగొండలో ఒక మాట విని విని చెవులు చిల్లులు పడుతున్నాయి. "ఆడోళ్ళకు పనీపాటా లేకుంటైంది, ఆధార్ కార్డు పట్టుకొని ఊర్లెంబడి తిరుగుతున్నరు." చాయ్ హోటల్ కాడ ఇదే మాట, పెళ్ళి పందిట్లో ఇదే మాట, ఆఖరికి దినాలకు వచ్చినచోట కూడా ఇదే. అనేవాళ్ళలో సగం మంది రోజూ పొద్దుగూకినాక క్లాక్ టవర్ సెంటర్లో గంటలకు గంటలు నిలబడి ఏం పని చేస్తారో మాత్రం నన్నడగొద్దు.

సరే, ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాం కదా, ఇవాళ జవాబు చెప్తున్నా. అవును, తిరుగుతున్నాం. ఊరికేనే తిరుగుతున్నాం. అయితే ఏంటట?

2023 డిసెంబర్ 9న తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ పైసలు తీసేశారు. అంతకుముందు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ప్రయాణాలు చెయ్యలేదా అంటే చేశారు. కానీ గడప దాటాలంటే ఒక కారణం చూపించాలి. పెళ్ళి, చావు, కాన్పు, దవాఖాన, మొక్కు. ఇవి తప్ప ఆరో కారణం చెల్లదు. మా అమ్మ యాదగిరిగుట్ట ఎన్నిసార్లు ఎక్కిందో, చెర్వుగట్టు జాతరకు ఎన్నిసార్లు పోయిందో ఆమెకే గుర్తు లేదు. శ్రీశైలం సంగతి చెప్పక్కర్లేదు. అదే అమ్మ, ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న పానగల్లు చెరువు కట్ట మీద ఒక సాయంత్రం ఊరికే కూర్చున్నది మొన్న మొన్ననే. "ఏం పనే ఆడ?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు కదా, అందుకే పోలేదు.

దేవుడి మీద నాకు కోపం లేదు. పైగా మన పెద్దవాళ్ళ తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. నల్లమలలో నీళ్ళు దూకే లోయలో సలేశ్వరం లింగమయ్యను, అచ్చంపేట దగ్గర కొండ అంచున ఉమామహేశ్వరుణ్ణి, తుంగభద్ర ఒడ్డున అలంపురం జోగులాంబను, కృష్ణ ఒడ్డున బీచుపల్లి అంజన్నను పెట్టారు. మంచి గాలి, నీళ్ళు, చెట్టు ఉన్న చోటల్లా ఒక గుడి. దేవుడి పేరు లేకపోతే ఆడవాళ్ళను ఇంట్లోంచి కదలనివ్వరని వాళ్ళకు ముందే తెలుసేమో! చైత్ర పౌర్ణమి జాతరకు సలేశ్వరానికి రాళ్ళల్లో పడి నడిచిపోయే ఆడవాళ్ళను చూడండి. దర్శనం రెండు నిమిషాలు. ఆ అడవి, ఆ చల్లని నీళ్ళు, దారి పొడుగునా ముచ్చట్లు, అవే మిగతాదంతా. ఇంటికొచ్చి మాత్రం "దర్శనం మంచిగైంది" అని చెప్పాలి.

మగవాళ్ళకు ఈ బాధ లేదు. ఆదివారం దావత్ అంటే దావత్. తోటలోనో చెరువు కాడనో నాలుగు చాపలు, ఒక మేక. దానికి మొక్కు అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు. ఎందుకు పోయినవని అడిగేవాళ్ళూ లేరు.

కుటుంబమంతా కలిసి పోతాం కదా అంటారా? ఆ సంగతీ చెప్పుకుందాం. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని వార్త రాగానే కారు మాట్లాడతారు. మొత్తం 26 గేట్లు, నురగలు కక్కుతూ కృష్ణమ్మ. చూడాల్సిందే, కాదనను. కానీ ముందురోజు రాత్రి వంటింట్లో ఏం జరుగుతుందో ఎవరైనా చూశారా? పులిహోరకు చింతపండు పులుసు ఉడుకుతుంటుంది. ఇంకో పొయ్యి మీద చికెన్. పెరుగన్నంలోకి పాలు కాచి చల్లార్చాలి, పిల్లకు కారం లేకుండా వేరే డబ్బా, మామగారికి షుగర్ కాబట్టి జొన్న రొట్టెలు. పేపర్ ప్లేట్లు, చాపలు, నీళ్ళ క్యాను, ఉప్పు పొట్లం, తొక్కు సీసా. తొక్కు సీసా మూత బిగించి, దాని మీద కవర్ చుట్టి, రబ్బర్ బ్యాండు వేసి, మళ్ళీ ఇంకో కవర్‌లో పెట్టేది ఎవరు? అయినా నూనె కారి చీరల బ్యాగుకు అంటితే మాట పడేది ఎవరు?

అక్కడికి పోయినాక చెట్టు కింద వడ్డన. తిన్నవాళ్ళు తిన్నచోటే కాళ్ళు చాపుతారు. మేము నల్లా వెతుక్కుంటూ గిన్నెలతో పోతాం. ఇవతల గిన్నెలు, బ్యాగులు, నిద్రపోయిన పిల్లాడు. అవతల "లాంచీ ఎక్కుదాం పా" అని మగవాళ్ళు, కాలేజీ పిల్లలు. ఎవరో ఒకరు సామాన్ల కాడ ఉండాలి కదా. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ మా వదినే. లాంచీలో పోయి చూసే ఆ నాగార్జునకొండ ఎట్లుంటదని ఆమెను అడగండి, ఫోన్లో ఫొటోలు చూపిస్తుంది. అన్నీ వేరేవాళ్ళు దిగినవే.

దీన్ని విహారం అంటారు. వంటిల్లును డిక్కీలో వేసుకుని అరవై కిలోమీటర్లు మోసుకుపోవడం తప్ప ఇందులో ఆడవాళ్ళకు విహారం ఏముందో చెప్పండి.

మా చిన్నమ్మది మక్తల్ వైపు. పాలమూరు వలస బతుకు ఆమెది. అక్కడి నుంచి పోయినవాళ్ళు దేశమంతా డ్యాములు, కాలువలు, రోడ్లు, మేడలు కట్టారు. చిన్నమ్మ పుణెలో ఏళ్ళకేళ్ళు ఇటుకలు మోసింది, బొంబాయిలో మోసింది. సముద్రం చూసినవా చిన్నమ్మా అంటే, "యాడ చూస్తం బిడ్డా, సైటు నుంచి గుడిసె, గుడిసె నుంచి సైటు" అంది. అంత దూరం పోయినప్పుడు ఆమెను ఎవరూ తిరుగుతుందనలేదు. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక మంచినీళ్ళ కోసం బిందెలెత్తుకుని ఊరు దాటి నడిచిన ఆడవాళ్ళనూ ఎవరూ తిరుగుతున్నారనలేదు. నెత్తిన బరువుంటే ఎంత దూరమైనా పోవచ్చు. చేతులూపుకుంటూ పోతేనే తప్పు.

చిన్నమ్మను ఈమధ్య జూరాలకు తీసుకుపోయాం. డ్యాం దగ్గర చేపలు వేయిస్తారు, తెలిసే ఉంటుంది. మూకుడులోంచి తీసిన చేప ముక్క, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ చెక్క. చిన్నమ్మ మొదట తినలేదు. ప్లేటు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. ఎవరికి వడ్డించాలో వెతుకుతోందని మాకు తర్వాత అర్థమైంది. "నీకే చిన్నమ్మా" అంటే ముల్లు తీసుకుంటూ నిదానంగా తిని, ఇంకో ప్లేటు అడిగింది. డబ్బులు తనే ఇచ్చింది, మమ్మల్ని ఇయ్యనియ్యలేదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆదివారం ఎక్స్‌ప్రెస్‌లో కాలు పెట్టే సందుండదు. పైసలు పెట్టి టికెట్ కొన్న మగాయనకు సీటు లేదంటే ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కోపం బస్సులు పెంచమని అడగడంలో చూపించాలి గానీ, జీరో టికెట్ పట్టుకున్న ముసలమ్మ మీద కాదు. ఇక రెండోది ఇంకా పెద్ద తిప్పలు. బయటికి పోయేరోజు మాలో చాలామంది పొద్దున్నుంచి నీళ్ళు ముట్టరు. చూడాల్సిన చోట్లకు మనకు కరువు లేదు గానీ, గొళ్ళెం పడే తలుపు, నీళ్ళొచ్చే నల్లా ఉన్న బాత్రూమ్ దొరకడం గగనం. కొత్త సెల్ఫీ పాయింట్లు కట్టేముందు దాని సంగతి చూస్తే పుణ్యముంటుంది.

మళ్ళీ పానగల్లుకే వస్తా. ఛాయా సోమేశ్వరాలయానికి జనం వస్తారు, గర్భగుడిలో కదలని స్తంభం నీడ చూస్తారు, వీడియో తీస్తారు, పది నిమిషాల్లో బండెక్కుతారు. కుందూరు చోడుల నాటి గుడి, కాసేపు కూర్చోండయ్యా! పక్కనే ఉదయసముద్రం, ఇప్పుడు కృష్ణ నీళ్ళతో నిండి ఉంటుంది. మా వీధి ఆడవాళ్ళం అప్పుడప్పుడు పోయి ఆ కట్ట మీద కూర్చుంటున్నాం. వంట చేసుకుని పోము. పల్లీలు, మొక్కజొన్న కంకి, ఏది దొరికితే అది. అరగంటకొక ఫోన్ వస్తుంది. "ఏమే, చాయ్‌పత్తా యాడ పెట్టినవ్?" "గ్యాస్ అంటుకుంటలేదు." "ఇంకా ఎంతసేపు?" చాయ్‌పత్తా ఇరవై ఏళ్ళుగా అదే డబ్బాలో, అదే అరలో ఉంది.

వచ్చే ఆదివారం మళ్ళీ పోతున్నాం. ఈసారి వదిన సాగర్ అంటోంది, లాంచీ ఎక్కుతుందట. సామాన్లు ఏమీ తేవద్దని ముందే ఒప్పందం. ఎందుకు పోతున్నారని అడిగేవాళ్ళు ఈ పోస్టు మళ్ళీ మొదటి నుంచి చదువుకోండి. చాయ్ మీరే పెట్టుకోండి.